జానెడు ఎత్తు

మా ఆడపడుచు పరీక్ష మూడు రోజులు. రెండేళ్లకోసారి జరిగే డిపార్టుమెంటు పరీక్ష అది. పాసైతే పై కుర్చీ, లేకపోతే ఉన్న కుర్చీలోనే ఇంకో రెండేళ్లు. కిందటిసారి మూడు మార్కుల్లో పోయింది. ఆ మూడు మార్కుల ప్రసక్తి ఇంట్లో మేమెవరం ఎత్తం. తను మాత్రం ఉప్పు అందుకుంటూ కూడా ఎత్తుతుంది.

ఈసారి తనకి నాలుగు నెలల పిల్ల. ఆ పిల్ల ఎవర్ని చూసీ నవ్వదు. ఎదుటివాళ్లని కాసేపు నిదానంగా పరిశీలించి, ఆ తర్వాత తీర్పు చెప్పినట్టు ఏడుస్తుంది. అందుకని అందరం జడ్జిగారు అంటాం. జడ్జిగారు తల్లిపాలు తప్ప ఇంకేవీ పుచ్చుకోరు. డబ్బాపాలు నెల రోజులు ప్రయత్నించాం, మూడు రకాలు. మూడూ నా భుజం మీదకే తిరిగొచ్చాయి.

పరీక్ష పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా. మధ్యలో గంట విరామం ఉంది గానీ గేటు దాటనివ్వరు. ఒక్క పేపరు రాయకపోయినా మిగతా రెండూ లెక్కలోకి రావు. ఇక మిగిలింది ఒకటే దారి. తను రాత్రీ, తెల్లవారుజామునా పంపుతో పాలు తీసి సీసాల్లో పెట్టి వెళ్లాలి, మేం పగలు వాటిని వెచ్చబెట్టి పట్టాలి. తన భర్తకి సెలవు దొరకలేదు కాబట్టి ఆ 'మేం' అంటే నేనూ, మా ఆయనా, అత్తయ్యానూ. పాలు నిలవుండాలంటే ఫ్రిజ్ కావాలి. పరీక్ష జరిగే ఊళ్లో లాడ్జీలన్నీ రెండు నెలల ముందే నిండిపోయాయి.

అప్పుడు మా ఆయనకి వాళ్ల మేనమామ వ్యాను గుర్తొచ్చింది. రిటైరైన నెలలోనే కొన్నారాయన. మంచాలు, పొయ్యి, సింకు, ఫ్రిజ్ అన్నీ లోపలే ఉన్న ఇంటి వ్యాను. దేశమంతా తిరిగొస్తానని చెప్పి, రెండుసార్లు పెట్రోలు బంకు దాకా తిరిగొచ్చి, షెడ్డులో పెట్టి తాళం వేశారు.

దాన్లో ఫ్రిజ్ మూడు విధాల నడుస్తుంది. ఇంటి దగ్గరుంటే కరెంటు మీద, బండి నడుస్తుంటే బండి బ్యాటరీ మీద, ఆగిన చోట గ్యాసు మీద.

"గ్యాసు మీద నడిస్తే అది పొయ్యి అవుతుంది గానీ ఫ్రిజ్ ఎలా అవుతుంది?" అన్నారు అత్తయ్య.

అందరం సామాను సర్దుకోవడంలో మునిగిపోయాం.

బయల్దేరే ముందు నేను నా జాగ్రత్తలో నేనున్నాను. ఒక రాత్రంతా కరెంటు మీద నడిపి, లోపల చిన్న ముల్లు థర్మామీటరు పెట్టి చూశాను. ముల్లు మూడు దగ్గర నిలిచింది. పాలకి నాలుగు దాటకూడదని నర్సు చెప్పింది. తలుపు రబ్బరు పట్టు కూడా చూశాను. బస్సు టికెట్టు తలుపు సందున పెట్టి మూసి లాగితే జారిపోకూడదు, జారలేదు. దారిలో ఆరు గంటలు బ్యాటరీ మీద వచ్చాం, ముల్లు నాలుగు దాటలేదు. ఇంకేం కావాలి!

సాయంత్రానికి పరీక్ష జరిగే కాలేజీ ఎదురుగా ఖాళీ మైదానంలో వ్యాను ఆపారు మా ఆయన. ఆపి, మొట్టమొదట చేసిన పని వాళ్లమ్మ పడక ఏర్పాటు.

అత్తయ్యకి గుండెల్లో మంట. తలవైపు ఎత్తుగా ఉండేలా పడుకోమని ఆరేళ్ల కిందట డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రమే మా ఆయన మంచానికి తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టారు. అప్పట్నుంచి ఆవిడ ఎక్కడ పడుకున్నా ఇటుకలు ముందు వెళ్తాయి. చుట్టాల ఇళ్లకి మేం పళ్లతో పాటు ఇటుకలు కూడా పట్టుకెళ్తాం. కానీ వ్యానులో మంచం గోడకి బిగించేసి ఉంది. కోళ్లే లేవు. మా ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని ఐదు నిమిషాలు ఆలోచించి, వ్యాన్నే ఎత్తారు. జానెడు మందం చెక్క దిమ్మలు రెండు వెనక చక్రాల దగ్గర పడేసి, బండిని రివర్సులో వాటి మీదకి ఎక్కించారు.

"ఇప్పుడు పడుకోమ్మా," అన్నారు.

"బంగారు తండ్రి," అన్నారు అత్తయ్య.

నేను ఫ్రిజ్‌ని గ్యాసుకి మార్చి, పాల సీసాలు లోపల పెట్టాను.

పొద్దున్నే చూస్తే ముల్లు పదమూడు దగ్గరుంది.

సీసా మూత తీసి నేను వాసన చూశాను, అత్తయ్య చూశారు. ఇద్దరం రాత్రి పాలన్నీ సింకులో పోసేశాం. తెల్లవారుజామున తీసిన మూడు సీసాలు మిగిలాయి. మా ఆయన పరిగెత్తి పళ్లరసాల కొట్లోంచి ఐసు తెచ్చి సంచిలో సర్దారు. ఆడపడుచు గేటు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి లోపలికి వెళ్లింది.

రెండు గంటలకి ఐసు నీళ్లయింది. మూడో సీసా తేడా చేసింది. జడ్జిగారు రెండు నుంచి ఐదున్నర దాకా నిర్విరామంగా తీర్పు చదివారు. అత్తయ్య ఎత్తుకుని మైదానం చుట్టూ తిరిగారు, మా ఆయన గిలక్కాయ ఊపారు, నేను డబ్బాపాలు ఇవ్వబోయి నా నాలుగో చీర కూడా పోగొట్టుకున్నాను. గేటు తెరవగానే తను చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చింది. ఏడుపు అక్కడిదాకా వినపడిందట.

పిల్ల పాలు తాగి, వెక్కుతూ నిద్రపోయాక తను నెమ్మదిగా అంది. "రేపు నేను వెళ్లను వదినా."

"పేపరు ఎలా రాశావు?"

"బాగానే రాశాను. అదే ఏడుపొస్తోంది. మూడున్నర గంటలు దాన్ని ఆకలితో ఏడిపించి నేనెక్కే కుర్చీ నాకొద్దు."

"రేపు రెండింతలు ఐసు తెద్దాం చెల్లీ," అన్నారు మా ఆయన.

"రేపు ఆ కొట్టుకి సెలవు. బోర్డు పెట్టారు, చూడలేదా? రేపు పొద్దున్నకి ఆ ముల్లు నాలుగు దగ్గరుంటే వెళ్తాను. లేకపోతే ఇంటికి పోదాం, అంతే."

తను మాట చెప్తే గోడకి మేకు కొట్టినట్టే. అత్తయ్య నా వైపు చూశారు. నేను మా ఆయన వైపు చూశాను. మా ఆయన ఫ్రిజ్ వైపు చూశారు.

ఆ పొద్దున్నే వెనక వీధిలో ఒక ఫ్రిజ్ మెకానిక్‌కి చెప్పి వచ్చాను. సాయంత్రం ఆరింటికి వచ్చాడు. వచ్చి, డాక్టరులా ఫ్రిజ్‌కి చెవి ఆనించాడు.

"చప్పుడు రావట్లేదమ్మా."

"రావాలా?"

"మోటారు తిరిగితే వస్తుంది కదా."

బయటికి వెళ్లి, వ్యాను పక్కగోడకున్న గాలి రేకు విప్పి, టార్చి వేసి లోపలికి చూశాడు. మళ్లీ చూశాడు. లేచి నిలబడి మోకాళ్లు దులుపుకున్నాడు.

"సార్, దీంట్లో మోటారు లేదు."

మా ఆయన మొహం పాలిపోయింది. "ఎవరో విప్పుకుపోయారంటావా?"

"షెడ్డుకి తాళం ఉందిగా. మోటారు మాత్రం ఎత్తుకుపోయి గాలి రేకు మళ్లీ బిగించి వెళ్తారా, అంత మర్యాదగా?" అన్నారు అత్తయ్య.

మేనమామకి ఫోన్ చేసి అందరికీ వినపడేలా పెట్టారు మా ఆయన. అవతల పెద్ద నవ్వు.

"మోటారు ఉండదురా! అదే దాని గొప్ప. కింద చిన్న మంట ఉంటుంది. మంటకి లోపలున్న మందు కాగి పైకెక్కుతుంది, చల్లారి దానంతటది కిందికి పారుతూ చలవ చేస్తుంది. చప్పుడు లేదు, అరుగుదల లేదు. కొన్నప్పట్నుంచి నేనొక్క రిపేరు కూడా చేయించలేదు."

"వాడితే కదా చేయించడానికి," అన్నారు అత్తయ్య.

"అక్కా, నువ్వు పక్కనే ఉన్నావా," అని ఆయన ఫోన్ పెట్టేశారు.

మోటారు లేని ఫ్రిజ్ తనకి తెలీదు గానీ గ్యాసు మంట తెలుసన్నాడు మెకానిక్. సిలిండరు కట్టేసి, కాసేపు ఆగి, బర్నరు విప్పి బయటికి తీశాడు. గొట్టం నిండా తెల్లటి గూడు.

"సాలీడమ్మా. గ్యాసు వాసనంటే వీటికి మహా ఇష్టం. ఆర్నెల్లు వాడకపోతే కాపురం పెట్టేస్తాయి."

మెత్తటి బ్రష్షుతో గూడు తీశాడు, మసి దులిపాడు, గాలి రేకుల్లో పేరుకున్న దుమ్ము ఊదేశాడు. మళ్లీ బిగించి వెలిగిస్తే మంట నీలంగా, నిలకడగా వచ్చింది. మేమంతా దాని చుట్టూ చేరి, పెళ్లికూతుర్ని చూసినట్టు చూశాం. మా ఆయన అతనికి టీ పెట్టించారు. టీ ఐపోయింది, కబుర్లు ఐపోయాయి, గంట గడిచింది. ముల్లు పదమూడు మీద నుంచి వెంట్రుకవాసి కదల్లేదు.

"మంట నా పూచీ సార్. లోపలి మందు సంగతి కంపెనీవాళ్లే చెప్పాలి. వాళ్లు రావాలంటే వారం పడుతుంది," అని చెప్పి సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆడపడుచు పుస్తకాలు అట్టపెట్టెలో సర్దడం మొదలుపెట్టింది. మర్నాటివి కూడా. ఒకటి పెట్టబోయి, తెరిచి, అర పేజీ చదివి, మూసి పెట్టెలో పెట్టింది. నేను చూడనట్టు గిన్నెలు తోముకున్నాను.

జడ్జిగారు మళ్లీ నిద్రలేచి, కాస్త తాగి వదిలేశారు. మిగిలిన పాలు తను సీసాలోకి తీసి గట్టు మీద పెట్టింది. ఎంత తాగింది, ఎంత మిగిలింది అని నర్సు రాయమన్న పుస్తకం నా చేతిలో ఉంటుంది.

"వంద," అని రాయబోయాను.

"నూట పది," అన్నారు అత్తయ్య గట్టుకి అటువైపు నుంచి.

"వందే అత్తయ్యా. గీత మీద సరిగ్గా ఉంది."

"నీకు అద్దాలు మార్చాలి. నూట పది గీత నా కళ్లకి కనపడుతోంది."

ఆ సీసా చుట్టూ గాజులు తొడిగినట్టు గీతలుంటాయి. నేను వంగి చూశాను. వంద. అత్తయ్య ఉన్న వైపుకి వెళ్లి చూశాను. నూట పది. పాలు సీసాలో ఏటవాలుగా ఉన్నాయి. ఉంటాయి మరి, నిన్న సాయంత్రం నుంచి మేమంతా ఏటవాలుగానే ఉన్నాం. వెనక మంచం దగ్గరికి వెళ్తుంటే గుట్ట ఎక్కినట్టుంటుంది, పొయ్యి దగ్గరికి వస్తుంటే దిగినట్టుంటుంది. పెనం మీద నూనె ఒక పక్కకే చేరుతుంటే పెనాన్ని తిట్టుకున్నాను. ఆరేళ్లుగా ఇటుకలతో కాపురం చేస్తున్నవాళ్లకి ఇదొక వింతగా తోచలేదు.

సీసాలో పాలు ఒక పక్కకి ఒరిగితే, ఫ్రిజ్ గొట్టాల్లో దానంతటది కిందికి పారాల్సిన మందు మాత్రం ఎటు పారుతుంది?

నోటిదాకా వచ్చిన మాటని మింగాను. ఇది నేను చెప్తే రెండు జరుగుతాయి. వాళ్లమ్మ కోసం చేసిన పని మీద వేలు పెట్టానని మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉంటారు. తన మూలంగా మనవరాలు పస్తు ఉందని అత్తయ్య రాత్రంతా కుర్చీలో నిటారుగా కూర్చుని, పొద్దున్నే అందరికీ వినపడేలా మూలుగుతారు.

"అత్తయ్యా, మీ కళ్లే నయం. ఇటొచ్చి ఈ వైపు నుంచి కూడా ఒకసారి చూసి చెప్పండి," అన్నాను.

ఆవిడ వచ్చి చూశారు. అటు వెళ్లి చూశారు. మళ్లీ ఇటొచ్చారు.

"ఒరేయ్! వ్యాను ఇంత వంకరగా ఉందేమిట్రా? పాలు కూడా నిలకడగా నిలబడట్లేదు. ఎవడాపాడు ఇలాగ?"

మా ఆయన తలుపు దగ్గరికి వెళ్లి దిమ్మల వైపు చూశారు. ఆయన్ని అంత ఒంటరిగా నేనెప్పుడూ చూడలేదు.

"నీ కోసమేనమ్మా," అన్నారు చివరికి. "నీ తల ఎత్తుగా ఉండాలని..."

"నా తల ఎత్తాలంటే పరుపు కింద ఏదైనా దోపాలి గానీ ఇల్లంతా ఎత్తుతావా? పొయ్యి, సింకు, పిల్లా, ఫ్రిజ్ కూడా నాతోపాటు ఎత్తున పడుకోవాలా?"

"ఫ్రిజ్," అన్నాను నేను, అప్పుడే తట్టినట్టు. "అన్నట్టు దాని పుస్తకం ఎక్కడుందో."

సీటు కింద దొరికింది, మేనమామ ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. పాడవుతుందని దాచుంటారు. చింపి చదివాను. మొదటి పేజీలోనే, డబ్బా గీసి మరీ రాశారు. బండి ఆగిన చోట సమంగా ఉంటేనే గ్యాసు మీద నడపాలి. ఒరిగి ఉంటే లోపలి మందు పారకుండా ఆగిపోతుంది. నడుస్తున్న బండిలో కుదుపులకి అటూ ఇటూ కదులుతుంటుంది గనక ఇబ్బంది ఉండదు. ఒరిగి నడిచిన ఫ్రిజ్‌ని ఆపి, బండిని సమం చేసి, కొంతసేపు ఆగి వెలిగించాలి.

"అందుకే దారిలో బాగుంది," అంది ఆడపడుచు. చేతిలో పుస్తకం పెట్టెలో పెట్టకుండా అలాగే పట్టుకుంది.

ఆ తర్వాత అరగంట పనిలో పడ్డాం. ఫ్రిజ్ ఆపాం. మా ఆయన బండిని దిమ్మల మీద నుంచి దింపారు. అయినా మైదానమే కాస్త వాలుగా ఉంది. నేను గట్టు మీద సీసా పెట్టి కేకలేస్తుంటే, ఆయన ముందు చక్రం కింద పలక చెక్క పెట్టి అంగుళం అంగుళం జరిపారు. చుట్టూ ఎటు చూసినా పాలు ఒకే గీత మీదకి వచ్చాక ఆపమన్నాను.

ఇక మిగిలింది అత్తయ్య తల. దిండ్లు దోపితే జారుతున్నాయి. మొదటి పేపరు ఐపోయింది కాబట్టి ఆ పుస్తకాలన్నీ పరుపు తలవైపు కింద మెట్లు మెట్లుగా పేర్చాం. లావుపాటివి పదకొండు.

"కుదురుగా ఉందా అమ్మా?" అడిగింది ఆడపడుచు.

"ఇటుకల కన్నా మెత్తగా ఉన్నాయే. ఇవే చదివావా ఇంతకాలం?"

గంట ఆగి ఫ్రిజ్ వెలిగించాను. ఇక ఒకటే భయం, ఈ ఇంట్లో మనుషులు. చల్లబడిందా లేదా అని నిమిషానికోసారి తలుపు తీసి చూస్తే అది ఎప్పటికీ చల్లబడదు. కాగితం మీద పెద్ద అక్షరాలతో 'పరీక్ష జరుగుచున్నది, తలుపు తీయరాదు' అని రాసి అతికించాను.

"నీ వేళాకోళం తగలెయ్య," అన్నారు అత్తయ్య. కానీ తీయలేదు.

తెల్లవారుజామున తను పాలు తీసి, చన్నీళ్లలో చల్లార్చి సీసాలు తెచ్చింది. పెట్టడానికి ఒక్కసారి తీశాను. ముల్లు ఆరు దగ్గరుంది. తను చూసింది. వెళ్లి పిల్ల పక్కన పడుకుంది. ఎనిమిదిన్నరకి గేటు మూస్తారు. ఏడున్నరకి కూడా తను రాత్రి బట్టల్లోనే, తల దువ్వుకోకుండా కూర్చునుంది. చేతిలో రెండో పేపరు పుస్తకం ఉంది గానీ పేజీ తిరగడం లేదు. మా ఆయన బయట చక్రాలు పరీక్షిస్తున్నట్టు తిరుగుతున్నారు. చక్రాలకి ఏమీ కాలేదు.

ఎనిమిదింటికి కాగితం ఊడదీసి తలుపు తీశాను. చెయ్యి పెట్టగానే చలి తగిలింది. ముల్లు నాలుగు మీద, కాస్త మూడు వైపుకే ఉంది.

తను నా భుజం మీదుగా తొంగిచూసింది. నన్ను చూసింది. "వదినా, ముల్లు నువ్వు జరపలేదు కదా?"

"నీ పిల్ల పాల దగ్గర అబద్ధమాడతానా? నీ మార్కుల దగ్గరైతే ఆడతానేమో."

చేతిలో పుస్తకం మూసింది. తర్వాత ఆ ఇరుకు వ్యానులో ఎవరు ఎక్కడ నిలబడాలో తెలీనంత హడావిడి. చీర కుచ్చిళ్లు నేను సర్దాను, జడ అత్తయ్య వేశారు, హాల్ టికెట్టు మా ఆయన వెతికారు. ఎనిమిదీ ఇరవైకి రోడ్డు దాటింది. ఈసారి వెనక్కి చూడలేదు. చూసే టైము లేదు.

జడ్జిగారు పదింటికి ఒక సీసా, పన్నెండున్నరకి ఒకటి, మూడున్నరకి ఒకటి పుచ్చుకున్నారు. మధ్యలో నన్ను కాసేపు పరిశీలించి, తీర్పు వాయిదా వేసి నిద్రపోయారు. ముల్లు నాలుగు దాటలేదు. అత్తయ్య నేను చూడలేదనుకుని రెండుసార్లు తలుపు తీశారు. అయినా దాటలేదు.

ఐదున్నరకి గేటు తెరిచారు. నిన్నటిలా పరుగెత్తుకొస్తుందని మా ఆయన రోడ్డు పక్కన నిలబడ్డారు, బళ్లు చూసి దాటించడానికి. తను మాత్రం ఎవరో అమ్మాయితో చేతులూపుతూ వాదించుకుంటూ తాపీగా వచ్చింది. నన్ను చూడగానే ప్రశ్నపత్రం నా ముఖం ముందు పెట్టింది.

"వదినా, ఏడో ప్రశ్న రెండో భాగం చూడు. చాలామంది వదిలేశారు. ఆ అమ్మాయి జవాబు వేరేగా రాసిందిట, అది తప్పు. నేను ఎలా రాశానంటే..."

మైదానం మధ్యలో నిలబెట్టి చెప్పడం మొదలుపెట్టింది. పావుగంటైంది. చెప్తూ నేల మీద కాలి బొటనవేలితో పట్టిక కూడా గీసింది. పిల్ల తాగిందా, ఏడ్చిందా అని అడగలేదు. నాలుగు నెలల్లో మొదటిసారి. మెట్టు మీద కూర్చున్న అత్తయ్య ఏదో అనబోయారు. నేను కళ్లతోనే వద్దన్నాను.

ఏడో ప్రశ్న నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మొదటి భాగం కూడా చెప్పమన్నాను.